పోలిరాజుకు తెలిసిన చోటు

పోలిరాజు గారి సమాధి గేటు ముందు ఎండుచేపలు అమ్ముకునే తవిటమ్మను చూసి, పెద్దాయన మీద ఈవిడకెంత అభిమానమో అనుకుంటారు జనం. అభిమానం లేదని కాదు. కానీ ఆ గోడ లోపల ఎక్కడో ఆవిడ కొడుకు కూడా ఉన్నాడు.

కేంద్రమంత్రి అయ్యాక ఆయన 'గారు' అయ్యాడు గానీ, అంతకుముందు ఈ ఒడ్డునే పుట్టి పోర్టులో మూటలు మోసిన ఒట్టి పోలిరాజు. కూలీల సంఘం పెట్టాడు, జైలుకెళ్లాడు, ఢిల్లీ వెళ్లాడు. అక్కడేం ఒరగబెట్టాడో పేపర్లవాళ్లు చెప్పాలి. తవిటమ్మకు గుర్తున్నది ఒకటే. తొలిచూలు బిడ్డ జ్వరంతో పోయిన రోజు మొగుడు ఎల్లారావు సముద్రం మీద వేటలో ఉన్నాడు. ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లకూడదాయె. పక్కింటి పోలిరాజే బిడ్డను తువ్వాల్లో చుట్టి, గుండెకు హత్తుకుని తీసుకెళ్లి, ఒడ్డునున్న సరుగుడు తోటలో పూడ్చి వచ్చాడు. పసిపిల్లలకు రాయీ రప్పా ఏమీ పెట్టరు.

"ఒకపాలి రాయే సెల్లీ, సోటు సూపిత్తాను," అనేవాడు తర్వాత.

"ఇప్పుడొద్దన్నా. నాకు కాళ్లు రావు," అనేది.

ఆడది అక్కడికెళ్తే ఎవరేమనుకుంటారోనన్న జంకు పోయాక కూడా రేపు, మాపు అంటూనే గడిపింది. మంత్రయ్యాక ఒకసారి కార్లనూ పోలీసులనూ రోడ్డు మీదే వదిలేసి, ఆవిడ గుమ్మంలో కూర్చుని చేపల పులుసు తిన్నాడు. వెళ్తూ వెళ్తూ మళ్లీ అడిగాడు.

"నాను పోతే నీకు సూపించేవోడు ఉండడే," అన్నాడు నవ్వుతూ.

"ఊరుకో అన్నా, నీకేటి, నూరేళ్లుంటావు! మళ్లీ వచ్చినప్పుడు సూద్దాం."

ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఇప్పుడు తన నోటి మీద తానే కొట్టుకోవాలనిపిస్తుంది ఆవిడకు.

ఆయన మళ్లీ వచ్చింది జెండా కప్పిన పెట్టెలో. ఢిల్లీలో వద్దు, మా సరుగుడు తోటలోనే పూడ్చండని చెప్పి పోయాడట. నాయకులు మైకుల ముందు పోటీలు పడి ఏడ్చారు. ఆ తర్వాత తోట నరికించారు, నేల చదును చేయించారు, పాలరాయి పరిచి చుట్టూ పచ్చిక పెంచారు. బిడ్డ ఆ రాయి కిందున్నాడో, పచ్చిక కిందున్నాడో చెప్పగలిగిన ఒక్క మనిషీ అక్కడే పడుకుని ఉన్నాడు.

ఈ ఏడు వర్ధంతికి నాయకులు దండలు వేసి వెళ్లిపోయాక, తవిటమ్మ చేపల తట్ట బయటే దించి, గ్లాసుడు పాలు పట్టుకుని మొదటిసారి గేటు దాటింది.

"పాలేటి మామ్మా? ఇక్కడ దండలే ఏత్తారు," అన్నాడు కాపలా ఉన్న నాగబాబు.

ఆవిడ సమాధి దగ్గరకు వెళ్లి వంగింది.

"వచ్చేసేనన్నా. ఇప్పుడు సూపించు."

తర్వాత లేచింది. పచ్చిక మీద ఒక్కో అడుగూ వేస్తూ, ఒక్కో చుక్కా వంపుకుంటూ నడిచింది. సగం దూరం కూడా వెళ్లకముందే పాలు అయిపోయాయి.