ఏడో బండి

నా ఉద్యోగం ఏమిటో నలుగురిలో చెప్పడం మా ఆయనకు ఇష్టం ఉండేది కాదు. ఆదివారం కాలిఫోర్నియా డబ్లిన్‌లో స్నేహితుల ఇంట్లో భోజనాలకు కలిసినప్పుడు ఎవరైనా అడిగితే, "కౌంటీలో జాబ్ అండీ" అని మాట మార్చేసేవారు. నేను ఊరుకునేదాన్ని కాదు. "పంటు మీద" అని పక్కనుంచి అందించేదాన్ని. గోదావరి జిల్లాల వాళ్ళు పళ్ళెంలోంచి తలెత్తి చూసేవారు. ఈ దేశంలో నది దాటించే పంటేమిటి, దాని మీద ఆడమనిషి ఏమిటి అని.

ఎనభైల మొదట్లో మాట. నది రెండుగా చీలి, మధ్యలో బేరి తోటల లంక ఒకటి ఉండేది. నేల మరీ మెత్తన కావడంతో అక్కడ వంతెన కట్టలేదు. కార్లూ ట్రాక్టర్లూ మా పంటు మీదే దాటాలి. దాన్ని నడిపేది ఒక గొలుసు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నది అడుగున పడి ఉంటుంది. పంటు పక్కన గాళ్ళు ఉన్న ఇనుప చక్రం ఒకటి, ఆ గాళ్ళలో గొలుసు లింకులు కుదురుకుంటాయి. మోటారు చక్రాన్ని తిప్పితే ముందున్న గొలుసు నీళ్ళలోంచి పైకి లేస్తుంది, చక్రం మీదుగా వచ్చి వెనక మళ్ళీ మునిగిపోతుంది. అంటే పంటు గొలుసును పట్టుకుని పాకుతుందన్నమాట. చుక్కానితో పని లేదు.

మోటారు రాకముందు ఆ గొలుసును మనుషులే చేతులతో లాగేవారట. పంటు నడిపే పెద్దాయన తండ్రి అలా లాగినవాడే. ఆయన అరచేతులు గొడ్డలి పిడిలా ఉండేవని పెద్దాయన చెప్పేవాడు. ఈయనా ముప్పై ఏళ్ళు నడిపి, ఆ వేసవిలో రిటైర్ కాబోతున్నాడు. ఆయన దగ్గర నేను ఏడాదిగా సహాయకురాలిని. బండ్లు ఎక్కించడం, చక్రాల కింద చెక్కలు పెట్టడం, గేటు వేయడం నా పని. పైన మోటారు గదిలో ఆయన కూర్చునే కుర్చీ నాకు కావాలి. ఆ మాట ఎవరితోనూ అనలేదు గానీ, అంతగా ఇంకేదీ కోరుకోలేదు.

ఆ కుర్చీని నా చేతులారా పోగొట్టుకోబోయాను. పంటు మీద ఆరు బండ్లకే చోటు. ఒకరోజు ఆరూ ఎక్కాక, పిల్లలతో ఒకావిడ చిన్న కారులో వచ్చి చెయ్యి ఊపింది. నేను పుట్టి పెరిగిన గోదావరి రేవులో మనిషిని ఒడ్డున వదిలి పంటు కదిలితే ఏడు తరాలనూ కలిపి తిడతారు. నాకు మొహమాటం వేసింది. పసుపు గీత దాటించి ఎక్కించేశాను. ఆ కొసన పంటు ఒరిగింది, గేటు పడలేదు. పెద్దాయన మోటారు ఆపేసి కిందికి దిగి వచ్చాడు.

"ఎక్కించింది నువ్వే. దింపేదీ నువ్వే," అన్నాడు.

అందరి ముందూ ఆవిడను బతిమాలి వెనక్కి పంపించాను. చెవులు కాలిపోయాయి.

"గొలుసు నీ మర్యాద చూడదు, బరువు చూస్తుంది," అని ఆయన మళ్ళీ పైకెక్కాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు. మా ఆయన "పోనీ మానెయ్యవే, ఇంకో జాబ్ చూద్దాం" అన్నారు. మూడు రోజులు ఆయనతో ముభావంగా ఉన్నాను.

నెల తరవాత, నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టాలా వద్దా అని తేల్చడానికి సూపర్‌వైజర్ వస్తానన్నాడు. ఆ రోజంతా బండ్లు ఎక్కించడమూ పంటు నడపడమూ నేనే చెయ్యాలి, పెద్దాయన చేతులు కట్టుకుని చూడాలి. బేరి కాయల కోత కాలం. రేవులో బండ్లు బారులు తీరాయి. ఆరు ఎక్కించాను. ఏడోది కౌంటీ పికప్. లోపల సూపర్‌వైజరే. నా ఉద్యోగం నా ముందు ఇంజిన్ ఆన్ చేసుకుని నిలబడింది.

ఆయన ముందుకు రాబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"సారీ సర్. నెక్స్ట్ ట్రిప్."

గేటు వేశాను. పెద్దాయన వైపు చూడలేదు. పైకెక్కి కుర్చీలో కూర్చున్నాను. వెళ్ళడం, రావడం కలిపి ఇరవై నిమిషాలు. పంటు మీద ఉన్నంతసేపూ, ఉద్యోగం పోయిందే అనుకున్నాను. అయినా వెన్ను నిటారుగానే ఉంది, అదే నాకు ఆశ్చర్యం.

తిరిగొచ్చాక పికప్‌ను మొట్టమొదట ఎక్కించాను. అందరికీ చెప్పినట్టే ఆయనకీ చెప్పాను, ఇంజిన్ ఆపండి, హ్యాండ్‌బ్రేక్ వేయండి అని. మరిచిపోయాడట, అప్పుడు వేశాడు. నది మధ్యలో నా దగ్గరికి వచ్చాడు.

"నేనెవరో తెలుసా?"

"తెలుసు సర్. మిమ్మల్ని ఏడో బండిగా ఎక్కించుకుంటే, మీరే నన్ను తీసెయ్యాలి."

ఆయన నవ్వలేదు. కాసేపు గొలుసు పైకి రావడం చూశాడు. "పై వారం నీ పోస్టింగ్ పేపర్లు పంపిస్తాను," అన్నాడు. అవతలి ఒడ్డున దిగి వెళ్ళిపోయాడు.

అప్పుడు పెద్దాయన కోటు తొడుక్కున్నాడు, కాఫీ ఫ్లాస్కు చంకన పెట్టుకున్నాడు. ఆయన రిటైర్మెంట్‌కు ఇంకా పది రోజులుంది.

"ఎక్కడికి?" అన్నాను.

"ఇంటికి. ఇక్కడ నాకింక పనేముంది?"

గట్టెక్కి, వెనక్కి తిరక్కుండా నడిచిపోయాడు. ముప్పై ఏళ్ళ రేవును అలా నా చేతిలో వదిలేశాడు. వరసలో ఉన్నవాళ్ళు హారన్ కొడుతున్నారు. కళ్ళు తుడుచుకుని, ఒక్కదాన్నే ఆరు బండ్లు ఎక్కించి, మోటారు వేశాను.