మా ఆయన వెళ్ళొస్తానన్నప్పుడు

మా ఆయన క్లిఫర్డ్ సగ్డెన్ బాయిలర్లు బాగుచేస్తాడు, అంటే గోడలకున్న రేడియేటర్లలోకి వేడినీళ్ళు పంపి ఇల్లు వెచ్చబెట్టేవి. ఇంగ్లండులో మా ఊరు కీత్లీలో ముప్ఫై నాలుగేళ్ళుగా అదే పని. ఎంత మొండి బాయిలరైనా దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని అరగంటలో జబ్బు కనిపెట్టేస్తాడు. ఆ తర్వాత గుమ్మంలో నిలబడి "ఇక వెళ్ళొస్తాను" అంటూ గంట గడుపుతాడు. పెళ్ళయిన కొత్తలో ఆ మాట నమ్మి భోజనం వేడిచేసి పెట్టేదాన్ని. ఇప్పుడు బయల్దేరుతున్నానని ఫోన్ చేశాడంటే, కోటు తొడుక్కుని పక్కింటికి వెళ్ళి నింపాదిగా టీ తాగి వస్తాను.

ఈ రోగం మా ఆయన ఒక్కడిదే అంటే అన్యాయం. మా ఊళ్ళో సోఫాలో కూర్చున్నంతసేపూ వాన గురించి తప్ప ఇంకో మాట రాదు ఎవరికీ. ఎవరికి ఆపరేషనైంది, ఎవరి మొగుడు ఇల్లు వదిలిపోయాడు, అన్నీ తలుపు తీశాకే గుర్తొస్తాయి. కాకపోతే మిగతావాళ్ళు పది నిమిషాల్లో తేలుస్తారు, ఈయన తేల్చడు.

ఆ నవంబరులో ఈనిడ్ హోల్‌రాయిడ్ గారు ఫోన్ చేశారు. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఒకప్పుడు బడిలో మా ఆయనకి మధ్యాహ్నం భోజనం వడ్డించిన మనిషి, ఇప్పటికీ ఆయన్ని రెండో తరగతి పిల్లాడి కిందే లెక్కేస్తారు.

"బాబూ క్లిఫర్డ్, ఇల్లు రొట్టెల బట్టీ అయిపోయింది. రేడియేటర్లు ముట్టుకుంటే బొబ్బలెక్కేట్టున్నాయి. నేనంటే ఎలాగో పడతాను. కెప్టెన్ ఈకలు రాలుస్తున్నాడు."

కెప్టెన్ అంటే ఆవిడ పంజరంలో పెంచుకునే కెనరీ పిట్ట. హెర్బర్ట్ గారు, అంటే ఆవిడ భర్త, నలభై ఏళ్ళు ఆ పిట్టల్ని పెంచి పోటీలకి తీసుకెళ్ళేవారు. ఆయన పోయి రెండేళ్ళయింది. మిగతా పిట్టల్ని తలా ఒకరికీ ఇచ్చేసి, ఆ సంతతిలో చివరి దాన్ని ఆవిడే ఉంచుకున్నారు. డిసెంబరు మొదటి శనివారం చర్చి హాల్లో పోటీ. జన్మలో మొదటిసారి ఆవిడ తన పేరు మీద పిట్టని పెడుతున్నారు. ఇల్లు వేడెక్కితే కెనరీ వేసవి వచ్చిందనుకుని ఈకలు రాలుస్తుంది. ఈకలు లేని పిట్టని న్యాయనిర్ణేత ఎగాదిగా చూసి పక్కన పెట్టేస్తాడు. పోనీ పిట్ట ఉన్న గదిలో రేడియేటర్ కట్టేద్దామంటే గది గడ్డకడుతుంది, పిట్టకి అదీ పడదు.

మా ఆయన మొదటిసారి వెళ్ళి బాయిలర్ విప్పాడు, పంపు చూశాడు, నీళ్ళు మళ్ళించే వాల్వు చూశాడు. హాలు గోడ మీద థర్మోస్టాట్ ఉంది. ఇల్లు చాలినంత వేడెక్కిందో లేదో చూసి బాయిలర్‌ని ఆపమనో వెలగమనో చెప్పే చిన్న డబ్బా అది. దాన్ని తిప్పితే బాయిలర్ బుద్ధిగా ఆగింది. ఏ తప్పూ లేదు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఫోన్, మళ్ళీ బట్టీ.

రెండోసారి ఆ డబ్బా తీసి కొత్తది బిగించాడు. ఆయన ఉన్నంతసేపూ ఇల్లు చక్కగా ఉంది. ఆయన వచ్చేసిన మర్నాడు కెప్టెన్ తోకలో ఒక ఈక పంజరం అడుగున పడింది. పోటీ ఇంక పన్నెండు రోజులు.

ఆ రాత్రి నేను చేసిన మాంసం 'పై'ని మా ఆయన ముట్టలేదు. ఆ వంటకం వదిలేసి ఆయన లేవడం నేను మా అత్తగారు పోయినప్పుడు చూశాను, మళ్ళీ అప్పుడే.

"ఎవరో వచ్చి బాయిలర్ మొత్తం మార్చాలన్నార్ట ఆవిడతో," అన్నాడు.

"మారిస్తే పోలేదా?"

"బాయిలర్‌కి ఏమీ కాలేదే. ఒంట్లో బాగున్నవాడికి ఎవరైనా గుండె మారుస్తారా?"

మూడోసారి వెళ్ళాడు. మళ్ళీ అన్నీ చూశాడు, మళ్ళీ ఏమీ దొరకలేదు. ఆవిడ పోసిన టీ తాగాడు, అల్లం కేకు తిన్నాడు, సంచి సర్దుకుని "ఇక వెళ్ళొస్తాను" అన్నాడు. మామూలుగా అయితే మెట్టు దిగి వీధిలో నిలబడి మాట్లాడతాడు. ఆవేళ వాన దంచి కొడుతోంది. అందుకని తలుపు బార్లా తెరిచి, లోపలి పట్టా మీదే నిలబడి, హెర్బర్ట్ గారి పాత కారు కథ ఎత్తుకున్నాడు. కథ సగంలో ఉండగా చెవి పక్కన గోడ మీది డబ్బా టిక్‌మంది. వెంటనే వంటగదిలో బాయిలర్ భుగ్గుమంది.

ఆయన కథ ఆపేశాడు. కబుర్ల మధ్యలో ఆయన నోరు మూసుకోవడం కీత్లీలో అదే మొదటిసారి అయ్యుంటుంది.

ఆవిడ గుమ్మానికి ఎదురుగానే బస్టాపు. పొద్దున ఏడింటి నుంచి ఆ తలుపు మూత పడదు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు ఆవిడతో మాట్లాడతారు, బస్సు దిగినవాళ్ళు మాట్లాడతారు, బస్సు తప్పిపోయినవాళ్ళయితే లోపలికొచ్చి టీ కూడా తాగుతారు. నేనూ ఎన్నోసార్లు తాగాను. ఆ చలిగాలంతా సూటిగా హాల్లో డబ్బాకి కొడుతుంది. ఇల్లు గడ్డకట్టిపోతోందని అది పాపం బాయిలర్‌ని తరుముతుంది. లోపలి గదులు ఉడికిపోతాయి. మా ఆయన వెళ్ళినప్పుడల్లా ఆవిడ మర్యాదగా తలుపేసి ఆయనకి టీ పెడుతూ కూర్చుంటారు కాబట్టి బాయిలరూ మర్యాదగా ఉండేది.

"కనిపెట్టేశాను మిసెస్ హోల్‌రాయిడ్," అన్నాడట. "ఇక్కడ గోడలో తీగ పాతబడిపోయింది. డబ్బాని పిట్ట గదిలోకి మార్చేస్తాను."

మర్నాడు రోజంతా అదే పని. గోడల అడుగున చెక్కపట్టీలు ఊడదీసి కొత్త తీగ లాగి, కెప్టెన్ పంజరానికి రెండడుగుల దూరంలో థర్మోస్టాట్ పెట్టి వచ్చాడు. సంగతంతా విని నాకు ఒళ్ళు మండింది.

"తలుపేసుకోండి అని ఒక్క మాట అంటే పోయేదానికి రోజంతా గోడలు గీక్కుంటూ కూర్చున్నావా? తీగ పాతబడిందని అబద్ధం కూడానా?"

"రోజుకి ముప్ఫై మంది ఆగుతారు అక్కడ," అన్నాడు మా ఆయన. "హెర్బర్ట్ పోయాక ఇంట్లో ఆవిడతో మాట్లాడేది ఆ పిట్ట ఒక్కటే. తలుపేసుకోమని నేను చెప్పలేను. నువ్వు చెప్పగలిగితే వెళ్ళి చెప్పు."

నేను వెళ్ళలేదు. నా కోపం ఎక్కడికి పోయిందో తెలీలేదు. ముప్ఫై ఏళ్ళ కాపురం తర్వాత కూడా ఆ పూట మా ఆయన మీద నాకు బోలెడు ప్రేమొచ్చింది. ఆ మాట చెబితే నెత్తికెక్కుతాడని, చెప్పకుండా మాంసం 'పై' రెండో ముక్క వడ్డించాను.

కెప్టెన్‌కి మూడో బహుమతి వచ్చింది. తోకలో ఆ ఒక్క ఈక ఉండి ఉంటే రెండోది వచ్చేదని న్యాయనిర్ణేత అన్నాడట. ఆ సాయంత్రమే ఈనిడ్ గారు బహుమతి కార్డు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. సోఫాలో కూర్చున్నంతసేపూ వాన గురించే మాట్లాడారు. లేచి గుమ్మం దాకా వచ్చి, తలుపు తీసిన తర్వాత, మా ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"తీగ పాతబడిందన్నావు కదూ క్లిఫర్డ్. ఆ తీగ హెర్బర్ట్ పోయే ముందే కొత్తగా వేయించాడు నాయనా."

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"తలుపేసుకోమంటే సరిపోయేదిగా," అన్నారావిడ.

"అలా అంటే మీరు నిజంగానే వేసేసుకునేవారు."

ఆవిడ కళ్ళు తుడుచుకుని, మెట్టు దిగబోయి ఆగి, బస్సు డ్రైవర్ భార్యకి కవలలట, తెలుసా అన్నారు. నేను కోటు తెచ్చుకుని వాళ్ళ పక్కన నిలబడ్డాను. చలిగాలి రివ్వున హాల్లోకి దూరుతోంది. కాసేపటికి వెనక మా బాయిలర్ భుగ్గుమని వెలిగింది. ముగ్గురం విన్నాం. ఎవరమూ తలుపు వేయలేదు.