మల్లెపూలకు ఎండిన పాలు

పాప పుట్టిన నాలుగో నాడు పొద్దున్నే లేవబోతే ఎడమ రొమ్ము రాయిలా తగిలింది. చెయ్యి ఆనిస్తే ప్రాణం పోయినంత పనైంది. ఎక్కడో ఏదో చెడిందని అప్పుడే అనిపించింది గానీ, ఆస్పత్రికి పోయి చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు నన్నెన్ని తిప్పలు పెట్టిందో తొలిచూలు ఆడపిల్లలకు తెలియాలనే ఇది రాస్తున్నాను.

మాది కారంపూడి దగ్గర పల్లె. నేను బళ్లో పంతులమ్మను. ఊరి పిల్లలందరికీ ఓనమాలు దిద్దించిన దాన్ని, కన్నబిడ్డకు పాలివ్వడం మాత్రం చేతకాలేదు. మా అమ్మ లేదు కాబట్టి పురుడు అత్తగారింట్లోనే పోసుకున్నాను. మా అత్త మంచిదే, మాటే కాస్త కారం. ఊళ్లో అందరూ చేసినట్టే తనూ చేసింది. ముర్రుపాలు బిడ్డకు పడవని మూడు రోజులు పిండి పారబోయించి, పాపకు ఆముదం చుక్క, చక్కెర నీళ్లు పట్టింది. నాలుగో రోజుకు పాలు పోటెత్తాయి. రొమ్ము బిగుసుకుపోయి పాప నోటికి అందేది కాదు.

"పోటు తగ్గాలంటే మల్లెపూలు కట్టాలమ్మాయ్" అంది అత్త.

మా వైపు బిడ్డ పోయిన బాలింతకు పాలు ఆగిపోవాలని రొమ్ముకు మల్లెపూలు కడతారు. ఆ సంగతి అత్తకూ తెలుసు. ఒక్క పూట కట్టి, నొప్పి తగ్గగానే తీసేద్దామనుకుంది. ఎండాకాలం, పెరట్లో మల్లె విరగబూసి ఉంది. నొప్పి తగ్గలేదు, పూలు మార్చి మార్చి వారం కట్టాం. పాలు మాత్రం రెండువైపులా బుద్ధిగా తగ్గిపోయాయి. పాపకు మేకపాలలో నీళ్లు కలిపి ఉగ్గుగిన్నెతో పోశాం. అవి పడక విరేచనాలు పట్టుకున్నాయి. తొడలు ముడతలు పడ్డాయి, ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది. నాకు చలిజ్వరం. ఈ బిడ్డ నాకు దక్కదేమోనని భయపడ్డాను.

మా ఆయన బండి కట్టి నన్నూ పాపనూ అత్తనూ కారంపూడిలో బస్సెక్కించాడు. యుద్ధం రోజులు, పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడిచేవి. ఎత్తు వచ్చినప్పుడల్లా మగవాళ్లు దిగి నెట్టారు. నరసరావుపేట ఆస్పత్రికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

"బ్రెస్ట్ ఆబ్సెస్. చీము పట్టింది, కొయ్యాలి" అంది డాక్టరమ్మ. తర్వాత పాపను తూచి, తొడల మీది ముడతలు పట్టి చూసింది. "కోత మానుతుంది. నా దిగులంతా ఈ పిల్ల గురించే. దీనికి తల్లిపాలే మందు."

కోశారు. రోజూ డ్రెస్సింగ్, సల్ఫా మాత్రలు. జ్వరం దిగింది. మూడు గంటలకోసారి కుడివైపు పాలు పట్టమంది డాక్టరమ్మ. మా ఇంట్లో గడియారం లేదన్నాను. ఆమె అటు వెళ్లగానే నర్సమ్మ నవ్వింది. మాచర్ల మనిషి, నలుగురు పిల్లల తల్లి.

"గడియారం ఎందుకమ్మా? పిల్ల నోరు తెరిచినప్పుడల్లా ఇవ్వు. మొన ఒక్కటే పెడితే ఏం లాభం? నోరు బాగా తెరవనిచ్చి, నల్లటిదంతా లోపలికి పోనివ్వు. నువ్వు వంగమాక, పిల్లనే దగ్గరికి లాక్కో."

అన్నీ చెప్పినట్టే చేశాను. కానీ ఉగ్గుగిన్నెకు అలవాటు పడ్డ పాప రెండుసార్లు చప్పరించి, ఏమీ రాకపోయేసరికి మొహం తిప్పేసుకునేది. కోత కన్నా అదే ఎక్కువ నొప్పి. నా బిడ్డే నన్ను వద్దంటోందని వెక్కివెక్కి ఏడ్చాను.

నర్సమ్మ దానికీ ఉపాయం చెప్పింది. ఉగ్గుగిన్నెలో కాచిన పాలు పోసి, రొమ్ము మీదుగా పాప నోట్లోకి చుక్కచుక్కగా జార్చాలి. పాలొస్తున్నాయని పాప చప్పరిస్తూనే ఉంటుంది, చప్పరించే కొద్దీ తల్లికి పాలు దిగుతాయి. "అది సరే గానీ, నువ్వు చెప్పిన ఆ మల్లెపూలు కట్టిందెవరు?" అని అడిగింది.

మా అత్త తల దించలేదు. "నేనే. బర్రె పొదుగు గట్టిపడితే దూడనే వదులుతా. మనిషి దగ్గరికొచ్చేసరికి నా బుద్ధి గడ్డి తిన్నది" అని, ఉగ్గుగిన్నె తనే అందుకుంది.

ఆరు రోజులు పగలనకా రాత్రనకా అత్త నా పక్కన కూర్చుని చుక్కలు జార్చింది. ఏడో రోజు పాప గుటకలు వేస్తోంది. ఎప్పుడూ లేంది చప్పుడు పైకి వినబడుతోంది. కాస్త మెల్లగా పొయ్యమన్నాను.

"నేను పొయ్యట్లేదే" అంది అత్త. గిన్నె నిండుగా ఉంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏడ్చాం.

ఇప్పుడు పాపకు అయిదేళ్లు, నా బళ్లోనే పలక పట్టింది. తర్వాత పుట్టినవాడికి మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టించింది మా అత్తే. రెండువైపులా కడుపునిండా తాగాడు.

నేను చెప్పేది ఒక్కటే. రొమ్ము గట్టిపడితే బిడ్డను దూరం పెట్టకండి. వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టి, మెత్తబడేదాకా కాస్త పిండి బిడ్డకే ఇవ్వండి. ఎర్రబడి జ్వరం వచ్చిందా, సిగ్గు పక్కన పెట్టి ఆ రోజే ఆస్పత్రికి పోండి.

మా పెరట్లో మల్లె ఇప్పటికీ విరగబూస్తుంది. పూల కోసం ఎవరొచ్చినా, "జడకా, బాలింతకా?" అని అడిగి గానీ అత్త కొమ్మ మీద చెయ్యి వెయ్యనివ్వదు.