చాచిన చేతులు

మా డిపార్ట్‌మెంట్ అటెండరుది మా నాన్న వయసు. నేను యూనివర్సిటీ బస్సు దిగి మెట్ల దగ్గరికి రాగానే రెండు చేతులూ చాచి ఎదురొచ్చేవాడు. "ఇటియ్యుండ్రి సార్" అంటూ నా బ్యాగు అందుకునేవాడు. కడప నుంచి కొత్తగా వచ్చిన లెక్చరర్ని. మొదటి వారం వద్దన్నాను. రెండో వారానికి అలవాటైపోయింది.

ఆ ఏడు దసరా సాయంత్రం తార్నాకలో కూరగాయల సంచితో నా గదికి వస్తున్నాను. వీధి మలుపులో ఆయన కనిపించాడు. మాణికేశ్వర్ నగర్ నుంచి నడిచి వచ్చాడట, ఒంటిమీద కొత్త చొక్కా. నన్ను చూడగానే నవ్వుతూ రెండు చేతులూ చాచాడు. నేను సంచి ఆ చేతుల్లో పెట్టాను.

ఆ నవ్వు ఒక్క క్షణం ఆగింది. సంచి మోసుకొచ్చి నా గుమ్మంలో దించాడు. జేబులోంచి జమ్మి ఆకులు తీసి నా అరచేతిలో పెట్టాడు.

"బంగారం సార్. పండుగ గదా, కలిసి పోదామని వచ్చిన" అని వెళ్ళిపోయాడు.

అప్పుడు వీధిలోకి చూశాను. ఎదురింటి పెద్దాయనా ఒక రిక్షా అతనూ జమ్మి ఇచ్చిపుచ్చుకుని, చేతులు చాచి ఒకరినొకరు గుండెలకు హత్తుకుంటున్నారు. మా ఇంట్లో జమ్మికి పూజ చేస్తాం గానీ ఈ కౌగిలింత ఎరగం. తెలియక చేశానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఆ చేతులు మా ప్రొఫెసరుగారివైతే, వాటిలో సంచి పెట్టేవాణ్ణా?

సెలవులయ్యాక మెట్ల దగ్గర ఆయన మళ్ళీ ఎదురొచ్చాడు.

"ఇటియ్యుండ్రి సార్" అన్నాడు. ఈసారి ఒక్క చెయ్యే చాచాడు.