మేనమామ ఇచ్చిన మాట

కంసియా రాసింది కాఫీ గురించి. జావాకు పక్క దీవిలోని పాడాంగ్ పాంజాంగ్ కొండల్లో ఆమె అమ్మమ్మ తరం చేత డచ్చి ప్రభుత్వం కాఫీ తోటలు వేయించి, గింజనంతా గోదాములకు తోలుకుపోయింది. పండించినవాళ్ళకు మిగిలింది ఆకు. దాన్నే పొగమీద ఎండబెట్టి, కాచి, కొబ్బరిచిప్పల్లో పోసుకుని తాగారు. బడిలో ఆడపిల్లలకు చదువు చెప్పే కంసియా ఈ సంగతిని ఆడవాళ్ళ పత్రికలో రాసి, కింద తన పేరు పెట్టింది. ప్రజల్లో ద్వేషం రగిల్చిందని అభియోగం సిద్ధమైంది. ద్వేషమంటే ఏమిటో ఆ చట్టం ఎక్కడా నిర్వచించలేదు. నిర్వచిస్తే దానికి పని ఉండదు.

ఆ జిల్లా డచ్చి అధికారి అయిన కంట్రోలరు దొర మొదట ఆమె మేనమామను, వంశపెద్ద దాతుక్ మంగ్‌కుతోను పిలిపించాడు. ఆ కొండల మినాంగ్‌కబావు జనంలో ఇల్లూ పొలమూ ఆడవాళ్ళవి. బయట వాళ్ళ తరఫున మాట్లాడేది మేనమామ. ఆయన మాట మేనకోడలిని కట్టేస్తుంది. దొర ఆ ఆచారాన్ని శ్రద్ధగా చదువుకున్నాడు.

ఆ సాయంత్రం దాతుక్ తన అక్క ఇంటికొచ్చి చాప మీద కూర్చున్నాడు.

“గండం గడిచిందమ్మా కంసియా. నువ్విక కలం పట్టవని మాటిచ్చి వచ్చాను. కేసు ఉండదు.”

“ఎవరినడిగి ఇచ్చారు మామయ్యా?”

“అడిగే వ్యవధి ఎక్కడిది? దొర ఎదురుగా కూర్చున్నాడు.”

“మీకూ కుర్చీ వేశాడా?”

“వేశాడు. కాఫీ కూడా ఇప్పించాడు.”

“ఆకుదా, గింజదా?”

బియ్యం చెరుగుతున్న కంసియా తల్లి రపియా చేట పక్కన పెట్టింది.

“తమ్ముడూ, గట్టు కింద మడి కుదువపెట్టాలంటే ఇంట్లో ఆడవాళ్ళమంతా సరేననాలి. తెలుసుగా?”

“తెలుసక్కా.”

“మరి దీని నోరు కుదువపెట్టడానికి ఎవరూ అక్కర్లేకపోయారా?”

“కూతుర్ని జైలుకి పంపమంటావా? మాట వెనక్కి తీసుకుంటే నా సర్కారు కొలువూ పోతుంది.”

“నీ కొలువు సంగతి నువ్వు చూసుకో. ముందు పిల్లనడుగు.”

కంసియాకు భయంగానే ఉంది. సముద్రం అవతలి జావా జైలు నుంచి తిరిగొచ్చిన ఒకామె దగ్గు ఆమె విన్నది. రాయకుండా బతకలేనా అని తనను తాను అడిగింది. బతకవచ్చు, బడి ఉంది, పొలం ఉంది. కానీ ఇక్కడ చెల్లిన ఎత్తు దొర ఊరూరా వేస్తాడు. ఇక ప్రతి ఇంట్లోనూ ఒక మేనమామ జీతం లేని కాపలాదారు అవుతాడు.

“నేనొప్పుకోను మామయ్యా,” అంది చివరికి. “ఇంటి సమ్మతి లేని మాట చెల్లదు.”

మర్నాడు దాతుక్ వంశపెద్ద నల్లదుస్తులు తొడుక్కుని కంట్రోలరు ఎదుట నిలబడ్డాడు. తానిచ్చిన మాటకు ఇంటివాళ్ళ సమ్మతి లేదనీ, ఆచారం ప్రకారం అది పుట్టనే లేదనీ చెప్పాడు. నెల తిరక్కుండా కొలువు పోయింది. రాసిందెవరని కోర్టులో అడిగితే కంసియా “నేనే” అంది. జావా జైల్లో ఏడాదిన్నర శిక్ష పడింది.

తరువాతి ఏళ్ళలో ఆమె ఇంకా రాసింది, ఇంకా జైళ్ళు చూసింది. మొదటిసారి వెళ్ళిన రోజున మాత్రం రేవులో ఊరివాళ్ళు ఎన్నడూ చూడనిది చూశారు. వంశపెద్ద దాతుక్ మంగ్‌కుతో కూలివాడిలా ఆమె బట్టల మూటను నెత్తిన పెట్టుకుని ఓడ మెట్ల దాకా మోశాడు. పోలీసు అడ్డుకుని ఎవరు నువ్వన్నాడు.

“దాని మేనమామని,” అన్నాడు దాతుక్.