పక్క చేలో మూలుగు

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటికి మా చేలో నాయన వేయించిన మూడు బోర్లూ ఎండిపోయినాయి. మిట్టమధ్యాహ్నం గాలి లేచిందంటే ఆ ఖాళీ పైపుల్లోంచి మనిషి మూలుగు లాంటి చప్పుడు వచ్చేది. ఊరిదాకా వినబడేది. ఆ చేను మంచిది కాదన్నారు జనం. వేరుశనగలో కలుపు తీయడానికి కూలికి పిలిచినా ఎవరూ రాలేదు. పెళ్లిళ్లకు మమ్మల్ని పిలవడం మానుకున్నారు. రోజూ వచ్చి అమ్మతో మాట్లాడే ఎదురింటామె కూడా మేం కనబడితే తలుపు వేసుకునేది.

ఒకరోజు అమ్మ, నేను బండలు మోసుకుపోయి మూడు పైపుల మీదా పెట్టినాం. చప్పుడు ఆగిపోయింది. అయినా ఎవరూ రాలేదు.

"ఇంకా ఎందుకు భయపడతాండారమ్మా?" అని అడిగినాను.

"వాళ్లకు భయం చప్పుడంటే కాదు పాపా. మన గతి వాళ్లకూ అంటుకుంటాదేమోనని," అనింది అమ్మ.

మరుసటి ఎండాకాలం మళ్లా మూలుగు వినబడింది. పరుగెత్తిపోయి చూస్తే మా బండలు కదల్లేదు. చప్పుడు పక్కనున్న ఎదురింటామె చేలోంచి వస్తాండాది. నేను ఇల్లు చేరేసరికి ఆమె మా గడప దగ్గర నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు లేదు.

"అక్కా, మా బోరూ పోయింది. చెవులు మూసుకున్నా వినబడతాండాది. నువ్వెట్ల ఆపినావు?"

అమ్మ ఆమెను లోపలికి పిలిచి సంగటి పెట్టింది. తినేదాకా పక్కనే కూర్చుంది. తర్వాత ఇద్దరూ ఒక బండ ఎత్తుకుని పోయినారు. నేను గుమ్మంలో కూర్చుని, ఆ మూలుగు ఆగేదాకా వింటా ఉన్నాను.