ఏటిగట్టు దిగిన ఎస్‌యూవీ

ధీమాకి జీతం ఇచ్చే పద్ధతి ఉంటే ఆ రోజుల్లో నేను లక్షాధికారిని. రాజమండ్రిలో ఒక కార్ల షోరూములో కొత్తగా చేరాను. ఆరు నెలల్లో ఒక్క బండైనా అమ్మకపోతే ఇంటికి పంపేస్తామన్నారు. అయిదు నెలలు అయిపోయాయి. అప్పుడే మా కంపెనీ మధ్యరకం ఎస్‌యూవీ ఒకటి దించింది. మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు, అయిదుగురు హాయిగా కూర్చోవచ్చు, నేలకి బాగా ఎత్తు, వెనక సీటుకీ ఏసీ. బ్రోషరు మొత్తం కంఠతా పట్టేశాను (చదువుకునే రోజుల్లో ఈ శ్రద్ధ లేదని మా నాన్న).

రావులపాలెం అవతల అరటితోటలున్న పెద్దాయన ఒకరు బండి చూస్తానన్నారు. మేమందరం ఆయన్ని అరటి బాబుగారు అనేవాళ్లం (ఆయన వినకుండా లెండి). టెస్ట్ డ్రైవ్ బండి వాళ్లింటికే తీసుకెళ్లాను. నేను నడుపుతుంటే ఆయన ముందు నా పక్కన కూర్చున్నారు. పట్టుచీర కట్టుకుని పెళ్లికి బయల్దేరిన ఆయన భార్య, "దారిలో దింపేద్దురు గాని" అంటూ వెనక ఎక్కారు. అన్నీ చూపించి, ఆ ఊపులో, "కొండ దిగేటప్పుడు బ్రేకు తొక్కక్కర్లేదండి, ఈ బటన్ నొక్కితే బండే చూసుకుంటుంది" అన్నాను. "మన కోనసీమలో కొండెక్కడుందయ్యా?" అన్నారాయన. అక్కడితో ఊరుకోవచ్చు. నేను ఊరుకునే రకమా? "ఏటిగట్టు ఉంది కదండీ!" అని గట్టెక్కించి, చేల వైపు ర్యాంపు మీదికి తిప్పి, బటన్ నొక్కి, కాలు తీసేశాను.

బండి ఆగలేదు. నేను కంఠతా పట్టింది అన్ని హంగులూ ఉన్న ఖరీదైన రకం గురించి. ఇది దాని కింది రకం. నేను నొక్కింది బటన్ లేని చోట బిగించిన ఉత్త ప్లాస్టిక్ మూత. తేరుకుని బ్రేకు తొక్కేసరికి, నాట్లకి దమ్ము చేసి ఉంచిన బాబుగారి సొంత చేలోనే దిగబడ్డాం.

ఆయన పంచె ఎగ్గట్టి బురదలోకి దిగి ట్రాక్టరుకి ఫోన్ చేశారు. నా ఉద్యోగం పోయినట్టేనని ఏడుపొచ్చినంత పనైంది. "నువ్వూ దిగవే" అని ఆయనంటే ఆవిడ, "పట్టుచీరండి బాబూ, నేను దిగను" అన్నారు. ట్రాక్టరు రావడానికి గంట పట్టింది. ఆ గంటా ఆవిడ ఏసీలో కమ్మగా కునుకు తీశారు. బండిని గట్టు మీదికి లాగాక కళ్లు తెరిచి, "ఇంత ఎండలో ఇలా ఎప్పుడూ నిద్రపట్టలేదండి. ఇదే తీసుకోండి" అన్నారు. బాబుగారు మోకాళ్ల దాకా బురదతో నా వంక చూసి, "ఆ బటన్ ఉన్నది తెప్పించవయ్యా" అన్నారు. నా ఉద్యోగం నిలబడింది.

తర్వాత కంపెనీ ఆ బండికి రెండుసార్లు ముందున్న గ్రిల్లు మార్చింది, డీజిల్ ఇంజను తీసేసింది, చివరికి బండినే ఆపేసింది. ఆ మాట విన్నప్పుడు ప్రాణం చివుక్కుమంది. మొన్న బాబుగారు ఫోన్ చేసి, "ఆపేశారటగా, మరి స్పేర్ పార్టులు?" అన్నారు. "ఇంకో పదేళ్లు ఢోకా లేదండి, పూచీ నాది" అన్నాను. ఫోన్ పెట్టేశాక గానీ తట్టలేదు, ఆ సంగతి నేనింకా ఎవర్నీ అడగలేదని. నాలో నేనే నవ్వుకుని, కాకినాడ స్పేర్ పార్టుల గోడౌనుకి ఫోన్ కలిపాను. ఆ రోజుల్లోని కుర్రాడైతే కలిపేవాడు కాదు.